అగ్గిపుల్ల నుంచి కొండపల్లి బొమ్మ దాకా: స్టాప్ మోషన్ ప్రకటన చరిత్ర, విద్యార్థి బృందం తయారీ

ఈ పాఠం చదవడం మొదలుపెట్టే ముందు ఒక అగ్గిపుల్ల తీసి బల్ల మీద పెట్టండి. మీ ఫోనును కదలకుండా దేనికైనా ఆనించి ఒక ఫొటో తీయండి. పుల్లను అర సెంటీమీటరు జరిపి మరొకటి తీయండి. ఇలా పన్నెండు ఫొటోలు తీసి వాటిని వేలితో వేగంగా ఒకదాని వెంట ఒకటి జరుపుతూ చూడండి. పుల్ల తనంతట తాను నడిచినట్లు కనిపిస్తుంది. మీరు ఇప్పుడు తీసింది సుమారు ఒక సెకను నిడివిగల స్టాప్ మోషన్ చిత్రం. ప్రతి ఫొటోకూ మధ్య కదలికను ఆపి, వస్తువును చేత్తో కొంచెం మార్చి, మళ్లీ తీయడమే ఈ పద్ధతి. దీన్ని తెలుగులో 'సజీవీకరణ' అని కొందరు అనువదించారు కానీ ఆ మాట ఎవరి నోటా నిలవలేదు. కాబట్టి ఈ పాఠంలో వాడుకలో ఉన్న పేరుతోనే పిలుద్దాం.

చరిత్ర విద్యార్థులకు దీనితో ఏం పని అని మీకు సందేహం రావచ్చు. ఈ కోర్సులో భాగంగా మీలో కొందరు బృందంగా ఏర్పడి ఒక చిన్న స్టాప్ మోషన్ ప్రకటన తయారుచేయవలసి ఉంటుంది. ఎలా తీయాలో చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. దీన్ని ఇంతకుముందు ఎవరు తీశారు, ఏ పరిస్థితుల్లో తీశారు, వారి పని గురించి మనకు ఎంత తెలుసు, ఎంత తెలియకుండా పోయింది అనేది చరిత్రకారుడు అడగవలసిన ప్రశ్న. ప్రకటన అనేది సరుకు పేరును గుర్తుపెట్టుకునేలా చేస్తుంది, దాన్ని తయారుచేసిన చేతిని మాత్రం మరిపింపజేస్తుంది. ఈ మరుపు ఎంత దూరం వెళ్లిందో చూపడమే ఈ పాఠం ఉద్దేశం.

అగ్గిపుల్లల వివాదం

స్టాప్ మోషన్ ప్రకటనల చరిత్రను చాలా పుస్తకాలు ఇంగ్లండుకు చెందిన ఆర్థర్ మెల్బోర్న్-కూపర్ తీసిన ఒక చిన్న చిత్రంతో మొదలుపెడతాయి. నల్లటి గోడ ముందు అగ్గిపుల్లలతో చేసిన మనుషులు నిచ్చెనెక్కి ఒక విజ్ఞప్తి రాస్తారు. సైనికులకు అగ్గిపెట్టెలు కావాలి, ప్రజలు సొమ్ము పంపితే బ్రయంట్ అండ్ మే అనే అగ్గిపెట్టెల కంపెనీ వాటిని పటాలానికి చేరవేస్తుంది అన్నది ఆ విజ్ఞప్తి సారాంశం. దానం, దేశభక్తి, వ్యాపారం మూడూ ఒక్క నిమిషంలో కలిసిన ప్రకటన ఇది. చిత్రం మిగిలే ఉంది, మీరు చూడవచ్చు.

చిక్కల్లా తేదీ దగ్గరే. ఇది 1899లో, అంటే దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైన ఏడాది తీసిందని ఒక వర్గం వాదన. అదే నిజమైతే ప్రపంచంలో ఇప్పటికి మిగిలిన అతి పాత స్టాప్ మోషన్ చిత్రాల్లో ఇది ఒకటవుతుంది. కాదు, ఇది 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక తీసిందని మరో వర్గం అంటుంది. చిత్రంలో సైనికుల ప్రస్తావన ఉంది కానీ ఏ యుద్ధమో రాయలేదు. తొలి వాదన ప్రధానంగా కుటుంబ సభ్యుల జ్ఞాపకాల మీద, తర్వాతి కాలంలో సేకరించిన వాంగ్మూలాల మీద నిలబడింది. రెండో వాదన చిత్రం తీరును, పరిశ్రమ అప్పటి స్థితిని బట్టి చేసిన అనుమానం. ఎన్ని ఫ్రేములు, ఎన్ని రోజులు, ఎవరు పుల్లలు జరిపారు, డబ్బు ఎవరిచ్చారు అని రాసిన ఒక్క చిత్రీకరణ కాగితం దొరికి ఉంటే ఈ వాదమే ఉండేది కాదు.

ప్రాథమిక ఆధారం, ద్వితీయ ఆధారం అనే తేడాను మీరు మొదటి సంవత్సరంలో శాసనాలూ తామ్రపత్రాల సందర్భంలో చదివారు. అదే తేడా ఒక్క నిమిషం నిడివిగల అగ్గిపుల్లల ప్రకటనకూ వర్తిస్తుంది. చిత్రం కళ్లముందు ఉన్నా దాని పుట్టుక మనకు తెలియదు. శాసనం దొరికి దాని మీది శక సంవత్సరం అరిగిపోయినట్లే ఇదీ.

ఫాల్కే ఇంటిల్లిపాదీ

మన దేశంలో ఈ కథ మళ్లీ అగ్గిపుల్లలతోనే మొదలవడం యాదృచ్ఛికమే అయినా ముచ్చటైన విషయం. 'రాజా హరిశ్చంద్ర'ను 1913 మే 3న విడుదల చేసిన దాదాసాహెబ్ ఫాల్కే 1915 ప్రాంతంలో 'ఆగ్‌కాడ్యాంచీ మౌజ్' అనే చిన్న చిత్రం తీశారు. మరాఠీలో ఆ పేరుకు అర్థం అగ్గిపుల్లల సరదా. యుద్ధం వల్ల ముడి ఫిల్ము దిగుమతి కష్టమైన ఆ రోజుల్లో ఆయన పొట్టి చిత్రాల వైపు మళ్లారు. పొట్టి చిత్రానికి ఫిల్ము తక్కువ, అగ్గిపుల్లలకు నటుల జీతం లేదు. పద్ధతి పుట్టడానికి సరదా ఎంత కారణమో కరువూ అంతే కారణం. ఆ చిత్రం నేడు దొరకదు.

అంతకుముందే ఫాల్కే మరో పని చేశారు. లండన్ నుంచి కెమెరా తెచ్చిన కొత్తలో, పెట్టుబడి పెట్టేవారికి సినిమా అంటే ఏమిటో చూపడానికి ఒక కుండీలో బఠాణీ విత్తనం నాటి, అది మొలకెత్తి పెరగడాన్ని నెలకు పైగా రోజుకు ఒక్కో ఫ్రేముగా తీశారు. దీన్ని సరిగ్గా స్టాప్ మోషన్ అనలేం. వస్తువును మనిషి జరపలేదు, అదే పెరిగింది. అయినా లెక్క ఒకటే. ఇంకో మాట కూడా గమనించండి. ఆ బఠాణీ చిత్రం కూడా ఒక విధంగా ప్రకటనే. అమ్మిన సరుకు మాత్రం సినిమా అనే ఆలోచన.

ఫాల్కే పేరు అందరికీ తెలుసు. ఆయన భార్య సరస్వతీబాయి ఫిల్ముకు చిల్లులు వేయడం, రసాయనాలు కలపడం, పనివారందరికీ వండి పెట్టడం దాకా చేశారన్న సంగతి చాలాకాలం సినిమా చరిత్రల్లో ఒక వాక్యానికి మించి రాలేదు. ఇంటిల్లిపాదీ కలిసి నడిపిన కార్ఖానా అది. అందులో అగ్గిపుల్లలను ఎవరి వేళ్లు జరిపాయో రాసిపెట్టినవారు లేరు.

చెక్కతో నడక

1930ల నాటికి ఐరోపాలో కంపెనీలు ఈ పద్ధతిని ప్రకటనలకు విరివిగా వాడాయి. 1934లో ఆస్కర్ ఫిషింగర్ జర్మనీలో మురాట్టి సిగరెట్లను సంగీతానికి తగ్గట్టు కవాతు చేయించారు. అదే కాలంలో హంగేరీ నుంచి నెదర్లాండ్స్ చేరిన జార్జ్ పాల్, ఐండ్‌హోవెన్ పట్టణంలో ఫిలిప్స్ రేడియోల కోసం చెక్కబొమ్మలతో ప్రకటన చిత్రాలు తీశారు. మన పాఠానికి ఈయన పని చాలా ముఖ్యం కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

బొమ్మను కదిలించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, బొమ్మకు కీళ్లు పెట్టి, ప్రతి ఫ్రేముకూ చేయో కాలో కొంచెం వంచడం. మన తోలుబొమ్మలకు భుజం, మోచేయి, మోకాలు దగ్గర ముడివేసిన కీళ్లు ఉంటాయి కదా, అలాంటిదే. రెండోది, కీళ్లే లేకుండా ఒక్కో భంగిమకు ఒక్కో బొమ్మనో, బొమ్మలో ఒక్కో భాగాన్నో విడిగా చెక్కి, ఫ్రేము ఫ్రేముకూ ఒకటి తీసి మరొకటి పెట్టడం. పాల్ ఎంచుకున్నది రెండోదాన్నే. నవ్వే ముఖం వేరు, ఆశ్చర్యపోయే ముఖం వేరు. అడుగు వేయడానికి వరుసగా అనేక జతల కాళ్లు. చిత్రీకరణ కంటే ముందు వడ్రంగం జరగాలి. కాబట్టి ప్రతి కదలికనూ కాగితం మీద గీసి, లెక్కించి, ఎన్ని ముక్కలు చెక్కాలో ముందే తేల్చాలి. తర్వాత ఆయన అమెరికా వెళ్లి 'పపెటూన్స్' పేరుతో ఈ పద్ధతినే కొనసాగించారు.

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, నేటి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న కొండపల్లిలో బొమ్మలు ఎలా తయారవుతాయో మీలో కొందరు చూసే ఉంటారు. తెల్లపొణికి అనే తేలికైన మెత్తటి చెక్కను ఎండబెట్టి, తేమ పోయేలా వేడిచేసి చెక్కుతారు. మొండెం వేరుగా, చేతులు వేరుగా, తలపై మూట ఉంటే అది వేరుగా చేస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో భాగాలను అతికి, సందులు పూడ్చి, ఆకురాయితో నునుపు చేసి, సుద్ద పూత వేసి, ఆ పైన రంగులు దిద్దుతారు. ఒక ఇంట్లో ఒకరు చెక్కితే మరొకరు అతుకుతారు, ఇంకొకరు రంగులు వేస్తారు. రంగుల పనిలో ఆడవారి పాలు చాలా ఎక్కువ.

పాల్ కార్ఖానాకూ కొండపల్లి ఇంటికీ మధ్య ఏ సంబంధమూ లేదు. ఒకరి గురించి మరొకరు విన్నారని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. కానీ చెక్క ముక్కల్ని విడిగా చేసి కలపడం అనే పని వరుస మాత్రం రెండింటికీ ఒకటే. మక్కు ఆరిందంటే కొండపల్లి బొమ్మ కదలదు, దానికి కీళ్లు లేవు. అందుకే స్టాప్ మోషన్‌కు పనికిరాదని మీరు అనుకోవచ్చు. పాల్ పద్ధతి తెలిస్తే అభిప్రాయం మారుతుంది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి బొమ్మను ఒకే మొండెంతో, నాలుగు రకాల చేతుల అమరికతో నాలుగు బొమ్మలుగా చెక్కించుకుంటే చాలు, అతడు చెట్టు దిగగలడు.

డెల్టాలో కదిలే ప్రకటన ఎందుకు పుట్టలేదు?

కృష్ణా డెల్టాకు సినిమా కొత్తది కాదు. తెలుగు సినిమాకు పితామహుడుగా చెప్పుకునే రఘుపతి వెంకయ్య పుట్టింది మచిలీపట్నంలో. విజయవాడలో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతీ సినిమా హాలు కట్టారు. ఆ తర్వాత గాంధీనగర్ వీధుల్లో పంపిణీదారుల కార్యాలయాలు వెలిశాయి. చూసేవారు, చూపించేవారు, డబ్బు పెట్టేవారు, నటించేవారు అందరూ ఇక్కడివారే. అయినా ఇక్కడి దుకాణదారుడు తన సరుకును తెర మీద చూపించాలంటే చాలాకాలం ఆయన స్తోమతకు అందింది గాజు స్లైడు మాత్రమే. విశ్రాంతి సమయంలో బట్టల కొట్టు పేరో, నగల కొట్టు పేరో, పక్కన ఒక బొమ్మతో కాసేపు నిలిచి పోయేది. నా తరంవారికి ఆ స్లైడ్ల చేతిరాత ఇంకా గుర్తుంటుంది.

కారణం సాంకేతికం, ఆర్థికం కూడా. ఒక్కో ఫ్రేమునే బంధించగల కెమెరా కావాలి. ముడి ఫిల్ము కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా కడిగి ప్రింటు వేసే లేబొరేటరీ కావాలి, అది మద్రాసులోనో బొంబాయిలోనో ఉండేది. స్టాప్ మోషన్‌లో పొరపాటు జరిగితే ప్రింటు వచ్చేదాకా తెలియదు. తెలిసేసరికి బొమ్మలూ దీపాలూ తీసేసి ఉంటారు. ఒక బట్టల కొట్టు యజమాని ఇంత జూదం ఎందుకు ఆడతాడు? కాబట్టి ఇక్కడివారికి నైపుణ్యం లేక కాదు, ప్రింటు కోసం రైలెక్కాల్సి రావడం వల్ల ఈ పని ఇక్కడ మొలకెత్తలేదని నా అభిప్రాయం.

మద్రాసులో తెలుగువారు ఇలాంటి పనికి దగ్గరగా వెళ్లిన సందర్భం ఒకటి మీ అందరికీ తెలిసిందే. 1957లో విజయా సంస్థ నిర్మించగా కె.వి. రెడ్డి దర్శకత్వం వహించిన 'మాయాబజార్'లో, నూజివీడులో పుట్టిన ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడుగా పెళ్లి విందు ఆరగిస్తాడు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ. లడ్డూలు వాటంతట అవే లేచి వస్తాయి. ఆ సన్నివేశాన్ని ధ్వని తీసేసి మూడుసార్లు చూడండి. ఏ వస్తువు తీగ సాయంతో కదిలినట్లుంది, ఎక్కడ ఫిల్మును వెనక్కి తిప్పినట్లుంది, ఎక్కడ కెమెరా ఆపి వస్తువును మార్చినట్లుంది అని మీ కంటికి తోచింది రాయండి. బృందంలో ఒక్కొక్కరూ విడిగా రాసి తర్వాత పోల్చుకోండి. మీలో మీకే అభిప్రాయభేదం వస్తుంది. ఇరవయ్యో శతాబ్దంలో తీసిన, కోట్ల మంది చూసిన చిత్రం గురించే ఇంత సందిగ్ధం ఎందుకుందో అప్పుడు ఆలోచించండి.

తర్వాతి దశ త్వరగా చెప్పుకోవచ్చు. బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ 1956లో కార్టూన్ విభాగం పెట్టింది, అక్కడ గీసిన బొమ్మలదే పైచేయి. దూరదర్శన్‌లో 1976 జనవరి 1 నుంచి వాణిజ్య ప్రకటనలకు అనుమతి వచ్చింది. దాంతో ప్రకటన చిత్రాలకు పెద్ద గిరాకీ ఏర్పడింది. తెలుగు నేలకు చెందిన ఒక కంపెనీ పేరు మీద స్టాప్ మోషన్ ప్రకటనలు దేశమంతటా చూసిన ఉదాహరణ మాత్రం 2000 దశకం మొదట్లో వచ్చింది. తిరుపతి కేంద్రంగా గల్లా రామచంద్రనాయుడు నెలకొల్పిన అమరరాజా సంస్థ తన అమరాన్ బ్యాటరీలకు క్లే బొమ్మల ప్రకటనలు వేసింది. పోటీ బ్యాటరీల ప్రకటనల్లో కార్లూ రోడ్లూ కనిపిస్తుండగా ఇందులో మట్టిబొమ్మలు అల్లరి చేశాయి. అవి తయారైంది తిరుపతిలో కాదు, ముంబైలో. చేసినవారిలో ముఖ్యులు అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో చదివినవారు. డబ్బు ఇక్కడిది, చేయి అక్కడిది. 1921 నాటి మారుతీ హాలు కాలం నుంచీ ఉన్న దూరం ఎనభై ఏళ్ల తర్వాత కూడా అలాగే ఉంది.

ఇప్పుడు ఆ దూరం తగ్గింది. ఫోను కెమెరాకు లేబొరేటరీ అక్కర్లేదు. తీసిన ఫ్రేము తీసిన క్షణంలోనే కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2015లో జాతీయ డిజైన్ సంస్థ మొదలైంది. చదువుకునేవారు ఏదైనా పెద్ద స్టూడియో వచ్చి పిలిచేదాకా ఆగనక్కర్లేదనడానికి బ్రిటన్‌లోని ఆర్డ్‌మన్ చక్కటి ఉదాహరణ. పీటర్ లార్డ్, డేవిడ్ స్ప్రాక్స్‌టన్ అనే ఇద్దరు బడి స్నేహితులు వంటింటి బల్ల మీద బొమ్మలు కదిలించడంతో అది మొదలైంది. 1972 నాటికే ఆ పేరు పెట్టుకున్నారు. తర్వాత దశాబ్దాల పాటు వారిని నిలబెట్టిన ఆదాయంలో ప్రకటన చిత్రాలది పెద్ద భాగం.

మీ బృందం పని: లెక్క ముందు, కెమెరా తర్వాత

ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. అయిదుగురు సభ్యులు. సరుకు కొండపల్లి బొమ్మలు. నిడివి 20 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేములు సినిమా లెక్క అయినా ఒక్కో ఫొటోను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 ఫొటోలు చాలు. అంటే మొత్తం 240.

కథ ఇది. సంక్రాంతి బొమ్మల కొలువులో మెట్ల మీద ఒక చోటు ఖాళీగా ఉంది. పక్కనున్న తాటిచెట్టు మీది గీత కార్మికుడు దిగి వచ్చి ఆ ఖాళీలో నిలబడతాడు. బొమ్మల కొలువు కట్టడం తెలిసిన ఇంట పుట్టినవారికి స్టోరీబోర్డు అంటే వేరుగా నేర్పనక్కర్లేదు. ఏ బొమ్మ ముందు, ఏది వెనక, చూసేవారి కన్ను ఎటు నుంచి ఎటు పోవాలి అన్నది ఆ మెట్ల మీద తరతరాలుగా తేలుతున్న విషయమే.

కొలువు, ఖాళీ చోటు చూపే తొలి దృశ్యం 3 సెకన్లు, అంటే 36 ఫొటోలు. చెట్టు దిగడం 6 సెకన్లు, 72. నేల మీద నడిచి మెట్లెక్కడం 7 సెకన్లు, 84. చివర నిలబడ్డాక పేరు కనిపించేది 4 సెకన్లు, 48. కూడితే 240 సరిపోయింది. ఇక్కడే ఒక లాభం గమనించండి. మొదటి, చివరి దృశ్యాల్లో ఏదీ కదలదు. ఒక్కో ఫొటో తీసి దాన్నే నిలిపితే చాలు. నిజంగా జరిపి తీయవలసినవి 156. ఒక్కోదానికి రెండు నిమిషాలు పడితే 312 నిమిషాలు, అంటే 5 గంటల 12 నిమిషాలు. దీపాలు అమర్చడం, పొరపాట్లు, భోజనం కలిపి ఒక నిండు రోజు. ఈ లెక్క వేయకుండా మొదలుపెట్టిన బృందాలు సాయంత్రానికి చెట్టు మధ్యలో ఆగిపోతాయి.

చెట్టు ఎత్తు 36 సెంటీమీటర్లు అనుకుంటే 72 ఫొటోల్లో దిగాలి, సగటున అర సెంటీమీటరు చొప్పున. కానీ అంతా సమానంగా జరిపితే లిఫ్టు దిగినట్లుంటుంది, మనిషి దిగినట్లుండదు. మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్లు, మధ్యలో ఎక్కువ, నేల దగ్గరపడ్డాక మళ్లీ తక్కువ. చెట్టు వెనకవైపు కెమెరాకు కనపడకుండా ఒక స్కేలు అంటించి ఏ ఫొటోకు ఎంత దిగాలో ముందే గుర్తులు పెట్టుకోండి.

మన వాతావరణం గురించి రెండు మాటలు, పుస్తకాల్లో ఇవి ఉండవు. కిటికీ వెలుగును నమ్ముకోకండి. అయిదు గంటల్లో ఎండ తిరుగుతుంది, మీ చిత్రంలో నీడలు ఇరవై సెకన్లలో గది దాటుతాయి. కిటికీలు మూసి రెండు దీపాలతో తీయండి. ఫోనులో వెలుతురు, ఫోకసు, రంగు సర్దుబాట్లు వాటంతట అవి మారకుండా బిగించండి. లేకపోతే ప్రతి ఫొటో కొద్దిగా వేరుగా వచ్చి తెర రెపరెపలాడుతుంది. కిటికీలు మూశాక విజయవాడ ఎండాకాలంలో ఫ్యాను లేకుండా కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా ఫ్యాను వేస్తే తాటాకులు కదులుతాయి. అందుకే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. క్లే బొమ్మలు ఎంచుకునే బృందాలకు ఇది మరీ ముఖ్యం, మే నెలలో దీపాల వేడికి అవి ఒంగిపోతాయి. చెక్కకు ఆ బాధ లేదు. బొమ్మ పాదాల కింద కొంచెం మైనం, టేబులు కాళ్ల కింద సుద్దముక్కతో గుర్తులు, షట్టరు నొక్కడానికి ఇయర్‌ఫోను బటన్. ఫోనును వేలితో ముట్టుకుంటే కెమెరా వెంట్రుకవాసి కదులుతుంది.

పనులు పంచుకోవడంలో ఒకే నియమం చెబుతాను. బొమ్మను ముట్టుకునేవారు ఒక్కరే ఉండాలి. ఇద్దరి చేతివాటం కలిస్తే నడక మారుతుంది, చూసేవారికి కారణం తెలియదు కానీ తేడా తెలుస్తుంది. మరొకరు కెమెరా దగ్గర. మూడోవారు రిజిస్టరు రాస్తారు: ఫొటో సంఖ్య, బొమ్మ ఏ అమరికలో ఉంది, ఎంత జరిగింది, సమయం, ఎవరు జరిపారు. కరెంటు పోయి గంట తర్వాత మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎక్కడ ఆగామో చెప్పేది ఆ రిజిస్టరే. నాలుగోవారు శబ్దం, చివరి అక్షరాలు చూసుకుంటారు. అయిదోవారు కొండపల్లితో మాట్లాడే మనిషి.

ఈ అయిదో పని చిన్నదనుకోకండి. నాలుగు అమరికల బొమ్మను చెక్కించుకోవాలంటే మీ గీతలు తీసుకుని కార్యశాలకు వెళ్లాలి. అది మామూలు బొమ్మ కాదు కాబట్టి దాని కూలి ముందే మాట్లాడుకోవాలి. విద్యార్థులమని బేరమాడడం మంచిది కాదు. తెల్లపొణికి చెక్క దొరకడమే ఆ కుటుంబాలకు పెద్ద సమస్య, పాడైన ప్రతి ముక్కా వారికి నష్టమే. ప్రకటనలో ఏం చెబుతారన్నది కూడా అక్కడే తేల్చుకోవాలి. కొన్ని బొమ్మలకు కూరగాయల రంగులు వాడతారు, చాలావాటికి ఎనామిల్ రంగులు వాడతారు. మీరు చిత్రీకరించే బొమ్మకు ఏది వేశారో అడగకుండా 'సహజ రంగులు' అని తెర మీద రాస్తే అది అబద్ధపు ప్రకటన. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువు విషయంలో ఆ అబద్ధానికి బరువు ఎక్కువ. 'కొండపల్లి బొమ్మలు' అన్న పేరుకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉంది. వేరే చోట, వేరే చెక్కతో చేసిన బొమ్మను ఆ పేరుతో చూపకూడదు.

బొమ్మ చేసినవారి పేరు రిజిస్టరు మొదటి పేజీలో, వారి అనుమతితో, చెక్కినవారూ రంగువేసినవారూ విడివిడిగా రాయండి. చిత్రం చివర చూపడానికి వారు ఒప్పుకుంటే అక్కడా వేయండి. నాలుగు సెకన్ల చివరి దృశ్యంలో దుకాణం పేరుతో పాటు రెండు పేర్లకు చోటు ఉంటుంది. 48 ఫొటోల పాటు ఏదీ కదలని దృశ్యమే కదా, ఖర్చు కూడా లేదు.

అధ్యయన కేంద్రానికి సమర్పించవలసినవి: చిత్రం, స్టోరీబోర్డు, ఫొటోల లెక్క ఉన్న కాగితం, రిజిస్టరు అసలు ప్రతి. తుడిచి తిరిగి రాసిన సాఫు ప్రతి అక్కర్లేదు. కొట్టివేతలూ టీ మరకలూ ఉన్నదే ఇవ్వండి. దానితో పాటు ఈ ప్రశ్నకు రెండు పేజీల జవాబు రాయండి: మీ చిత్రం మాత్రమే మిగిలి, రిజిస్టరు పోయిందనుకోండి. నూరేళ్ల తర్వాత దాన్ని చూసే చరిత్రకారుడు తేదీని, ఊరిని, బృందంలో ఎందరున్నారన్న విషయాన్ని తెర మీద కనిపించే వేటి ఆధారంగా ఊహించగలడు, వేటి విషయంలో తప్పుగా ఊహించే అవకాశం ఉంది?